తెరకు అటుపక్క

మా అత్త నాంచారమ్మకు అరవై ఆరేళ్ళు. చిన్నతనంలో మా ఊళ్ళో వేసిన ప్రతి సినిమా చూసిందామె. అయితే ఒక్కటి కూడా ముందువైపు నుంచి చూడలేదు.

ఈ మాట కొత్తవాళ్ళకు ఎక్కదు కాబట్టి విడమరచి చెబుతాను. మాది రేగులపాడు. కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్ళే రోడ్డు మీద దిగి, అడవి వైపు నాలుగు మైళ్ళు లోపలికి రావాలి. ఊళ్ళో ఒక గ్రంథాలయం ఉంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న ఒక పెద్దాయన కట్టించాడు. ఆయనకు పుస్తకాల పిచ్చి ఎంతో సినిమాల పిచ్చీ అంతే. ప్రొజెక్టరు, రీళ్ళ డబ్బాలు తెప్పించుకుని, మిరపకాయలు ఎత్తేశాక తన కళ్ళంలో ఊరికి బొమ్మ వేసేవాడు. ఊరికి అంటే ఊరందరికీ ఒకటే అనుకునేరు. కళ్ళం నడిమధ్య రెండు గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టేవారు. ప్రొజెక్టరు ఉన్న పక్క ఆసాములు, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, బెంచీలు. అటుపక్క పాలేర్లు, కూలీలు, మా వాడ, తండా, గూడెం జనం, ఉత్త నేల. గుడ్డలోంచి దిగిన బొమ్మను వీళ్ళు వెనకనుంచి చూడాలి. పొడిగుడ్డలో బొమ్మ సరిగా దిగదని తెరను నీళ్ళతో తడిపేవారు. ఆ తడిపే పని మా వాడ ఆడపిల్లలది. తడిపి, బిందె పక్కన పెట్టి, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి కూర్చోవాలి.

వెనకనుంచి చూస్తే అంతా తిరగబడి ఉంటుంది. చదువు రానివాళ్ళకు అక్షరాలు ఎటు తిరిగినా ఒకటే. చేతుల సంగతి అలా కాదు. ఆ రీళ్ళలో ఒక సినిమా ఉంది. పేరు పడే ముక్క ఎప్పుడో తెగిపోయింది కాబట్టి ఊళ్ళో దాన్ని అన్నం సినిమా అంటారు. అందులో జమీందారు కొడుకు ఒక పాలేరు గుడిసెలో కూర్చుని, మట్టిమూకుడులో గంజన్నం కలుపుకొని తింటాడు. వెనకనున్నవాళ్ళకు ఆ బాబు ఎడంచేత్తో తిన్నట్టు కనిపిస్తాడు. పదేళ్ళ నాంచారి అదే గొప్పవాళ్ళ పద్ధతి అనుకుంది. పెద్దాయన ఇంట్లో పెళ్ళయితే, చివరి బంతిలో కూర్చుని, అందరూ చూసేలా ఎడంచేత్తో అన్నం కలిపింది. ఇదేం తిండే అని కసిరితే, "సిన్మాల బాబు గిట్లనే తిన్నడు గదా" అంది. ముందువైపు కూర్చునేవాళ్ళకు విషయం అర్థమై పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. ముందున్న విస్తరాకు తీసేసి పిల్లను లేపేశారు. ఆ రోజు నుంచి ఆమె ఎడంచెయ్యి నాంచారి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆ పేరు విని, అత్తకు ఎడమచేతి వాటం కాబోలు అనుకున్నాను.

ఈ ఎండాకాలం మొదలయ్యేనాటికి నేను ఆ గ్రంథాలయంలోనే పనిచేస్తున్నాను. పెద్దాయన కొడుకు వెంకటరామారావు గారు చైర్మన్. ఏటా జూన్‌లో ఆయన ఒక కాగితం మీద సంతకం పెడితే మరో ఏడాది నా ఉద్యోగం ఉన్నట్టు. మూడు సంతకాలు అయ్యాయి, నాలుగోది కావాలి. ఏప్రిల్‌లో ఆయన కొడుకు ఉదయ్ భాస్కర్ హైదరాబాదు నుంచి దిగాడు. గ్రంథాలయం అటక మీద బూజుపట్టిన రీళ్ళన్నిటినీ అక్కడ బాగుచేయించి, అరచేతిలో ఇమిడే డబ్బాలో నింపుకొచ్చాడు. వేసవిలో శనివారం శనివారం ఊరందరికీ ఆ పాత సినిమాలు వేయాలన్నది ఆయన ఆలోచన. మంచి ఆలోచనే, కాదనను.

"అచ్చం అప్పట్లాగే చేద్దామండీ రోజారాణి గారూ," అన్నాడు. "అదే కళ్ళం, అదే గుడ్డ తెర, మధ్యలో."

"మధ్యల ఎందుకు సార్? గోడకు కడితే అందరం ఒక్క దిక్కే కూసోవచ్చు గదా."

"అప్పుడిక ప్రత్యేకత ఏముంటుందండీ? తెరకు అటూ ఇటూ జనం కూర్చోవడమే దీని అందం. ఖమ్మం నుంచి, హైదరాబాదు నుంచి ఫ్రెండ్స్ వస్తున్నది అది చూడటానికే."

మర్యాదస్తుడు. నన్ను గారూ అనకుండా పిలవడు. కొత్త ప్రొజెక్టరు నడపడం రెండు రోజులపాటు ఓపిగ్గా నేర్పాడు. ఏ బటన్ దేనికో నోటుబుక్కులో రాసుకోమన్నాడు. "ఇది నొక్కితే బొమ్మ కుడిఎడమలు మారిపోతాయి. మెషీన్‌ని తెర వెనక పెట్టినప్పుడు వాడతారు. మనకు దీంతో పనిలేదు లెండి," అన్నాడు. నేను అది కూడా రాసుకున్నాను.

ఇంట్లో అప్పుడు బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. అత్త తెల్లవారకముందే మంగ్లితో కలిసి అడవికి పోయి, ఎండ ముదిరేలోగా మూటతో తిరిగొచ్చేది. మంగ్లి పక్క తండా మనిషి, అత్త ఈడుది, చిన్నప్పుడు తెర వెనక అత్త పక్కనే కూర్చున్నది. మధ్యాహ్నం ఇద్దరూ మా వసారాలో చేరి యాభై ఆకులకొక కట్ట కట్టేవారు. సినిమాల సంగతి చెప్పగానే అత్త చేతులు ఆగాయి.

"అన్నం సిన్మా గూడ ఏస్తరా?"

"మొదటి శనివారం అదే."

"ఒక్కపారి ముందలికెల్లి సూడాలె రోజా," అంది. "కుడిచెయ్యే అని అందరు చెప్పిర్రు. నువ్వు చెప్పినవ్, కోటేష్ చెప్పిండు. నేనైతే సూడలే గదా. నవ్వినోళ్ళు సూసిర్రు. నవ్వులపాలైనదాన్ని, నేను సూడలే."

"గంతకేనా? రేపు లైబ్రరీకి రా అత్తా. కంప్యూటర్ల పెట్టి సూపిస్త."

"వద్దు. నన్ను పదిమందిల నవ్విర్రు. సూసుడు గూడ పదిమందిలనే."

ఆ మాటలో ఎంత కోపం ఉందో ఆమెకే తెలియదు. నాకు మాత్రం తెలిసింది. "అయితే ముందు వరుసల కుర్చీకి నీ పేరు రాసి అంటిస్త," అన్నాను. "నా మాట."

అన్నం తింటున్న కోటేష్ తలెత్తాడు. కోటేష్ నా భర్త. బొగ్గు లారీ నడుపుతాడు. మాటలు తక్కువ, భయాలు ఎక్కువ. "మాటలిచ్చుడు జల్దీనే అయితది. కాయితం మీద అయ్యగారి సంతకం ఇంక కాలే, యాదికుంచుకో," అన్నాడు.

ఆ తర్వాతే నేను తప్పు చేశాను. ఊరి పాత జ్ఞాపకాలు సేకరించి రాసివ్వమని ఉదయ్ భాస్కర్ అడిగితే, అత్తను కూర్చోబెట్టి పెళ్ళిబంతి కథంతా రాసి ఇచ్చాను. చదివితే వాళ్ళు సిగ్గుపడతారని, కుర్చీ నేను అడగకముందే వాళ్ళే వేస్తారని అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆయన చదివి, "అద్భుతమండీ, ఇలాంటివే కావాలి," అన్నాడు.

మే మొదటి శనివారం పొద్దు గూకే వేళకు కళ్ళం నిండింది. మిరప ఘాటు ఆ నేలను ఇంకా వదల్లేదు, హైదరాబాదు వాళ్ళు వరసపెట్టి తుమ్ముతున్నారు. ముందుపక్క నలభై కుర్చీలు, కుర్చీకొక పేరు చీటీ. చీటీలన్నీ రాసింది నేనే. మొదటి వరుసలో చివరి కుర్చీకి "నాంచారమ్మ గారు" అని గుండ్రటి అక్షరాలతో రాసి అంటించాను. అత్త పెట్టెలోంచి నీలంచీర తీసి కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది. ఉదయ్ భాస్కర్ ఎదురొచ్చి ఆమె చేతికి ఇత్తడిబిందె ఇచ్చాడు. దీనికోసమే కొన్నట్టుంది, తళతళలాడుతోంది.

"అమ్మా, అప్పట్లాగే మీరే తెర తడపాలి."

అత్త నావంక చూసింది. ఈ సంగతి నాకూ తెలియదు. కాదనడం అలవాటు లేని మనిషి, చెంగు దోపుకొని తెర మీద నీళ్ళు చిలకరించింది. పదిమంది ఫోన్లెత్తి ఫోటోలు తీశారు. ఇంకొక్కసారి చల్లమంటే ఇంకొక్కసారి చల్లింది. బిందె కింద పెట్టి కుర్చీ దగ్గరికి వస్తే, అందులో ఎవరో ఖమ్మం పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. చీటీ మీద పేరు కూడా ఆయనదే.

నేను ఉదయ్ భాస్కర్ దగ్గరికి పరుగెత్తాను.

"అవునండీ, నేనే మార్పించాను," అన్నాడు, ఏమాత్రం తడబడకుండా. "ఆవిడ ఇటు కూర్చుంటే మొత్తం కాన్సెప్టే పోతుంది. ఆవిడ కథ అటువైపుదే కదా. అటు చాపలు కూడా వేయించాం చూడండి. అప్పట్లో అవీ లేవు."

చాపలు వేయించారట. యాభై ఏళ్ళు దాటాక మావాళ్ళకు జరిగిన అభివృద్ధి అది. నేను ఇంకేదో అనబోతుంటే వెనకనుంచి అత్త నా చెయ్యి పట్టుకుంది.

"పోనీ బిడ్డా. నీ కాయితం ఉంది," అంది మెల్లగా. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళింది. నీలంచీర తెర అంచు దాటి కనపడకుండా పోయేదాకా అలాగే నిలబడ్డాను. ఇచ్చిన మాట నీళ్ళలో కలిసింది.

వెంకటరామారావు గారు మైకు అందుకున్నారు. తండ్రి గురించి చెప్పారు, ఊరి ఐకమత్యం గురించి చెప్పారు. ఒకే తెర మీద ఊరంతా కలిసి సినిమా చూసిన రోజులట అవి. తర్వాత జేబులోంచి ఒక కాగితం తీశారు. దూరం నుంచే గుర్తుపట్టాను, అది నా చేతిరాత.

"మా నాంచారి ఉంది, ఇందాక తెర తడిపింది చూశారూ, మా అక్క పెళ్ళిలో అది ఏం చేసిందో తెలుసా," అని మొదలుపెట్టి, నేను రాసినదంతా హాస్యంగా చెప్పుకొచ్చారు. విస్తరాకు తీసేసిన ముక్క మాత్రం వదిలేశారు. నలభై కుర్చీలూ నవ్వాయి. ఎడంచెయ్యి నాంచారి అని ఎవరో గట్టిగా అన్నారు, దానికి మళ్ళీ నవ్వారు. అటుపక్క నుంచి చిన్న అలికిడి కూడా రాలేదు. ప్రొజెక్టరు పక్కన నిలబడి నేను రగిలిపోయాను. పుండు మీద కారం చల్లుతారని విన్నాను. ఆ కారం పొట్లం కట్టి వాళ్ళ చేతికిచ్చింది నేనే.

సినిమా మొదలైంది. అన్నం తినే చోటు మూడో రీలులో వస్తుంది. సరిచూసుకోవడానికి ముందే నాలుగుసార్లు చూశాను కాబట్టి నాకు గుమ్మం, మూకుడు, ముంత అన్నీ కంఠతా వచ్చు. బాబు తలవంచి గుడిసెలోకి అడుగుపెట్టాడు. పాలేరు పెళ్ళాం మూకుడు తెచ్చి ముందు పెట్టింది. నేను ఆ బటన్ నొక్కాను.

తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ వెలిగింది. కుడివైపున్న గుమ్మం ఎడమకు వచ్చింది. ముందుపక్క వాళ్ళకు వెంటనే తెలియలేదు. బాబు ఎడంచెయ్యి మూకుడులో పెట్టి అన్నం కలపడం మొదలుపెట్టాక తెలిసింది.

"ఏంటిది, తిరగబడిందేంటి," అన్నారెవరో. "అమ్మాయ్, సరిచెయ్యి," అని వెంకటరామారావు గారు కుర్చీలోంచే కేకేశారు. ఉదయ్ భాస్కర్ కుర్చీలు తప్పించుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నేను మెషీన్ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.

"ఏమైందండీ?"

"ఏం కాలే సార్. ఈ రీలు అయ్యేదాక గిట్లనే ఉంటది."

"అందరూ ఇబ్బంది పడుతున్నారు."

"పది నిమిషాలే గదా సార్. ఓర్సుకుంటరు."

ఆయన నా మొహం చూసి, చెయ్యి చాచబోయి ఆగిపోయాడు. అప్పుడు తెర అవతలి నుంచి అత్త గొంతు వినపడింది. అరవలేదు, పక్కనున్న మంగ్లికి చెప్పుకున్నట్టే చెప్పింది.

"కుడిచెయ్యే మంగ్లీ." కాసేపాగి, "మనలెక్కనే తింటుండు," అంది.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. రీలు అయిపోయేదాకా ఆ బటన్ నేను ముట్టుకోలేదు, ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు ఆదివారమైనా గ్రంథాలయానికి పిలిపించారు. నా నోటికి తాళం వేయడానికి కోటేష్ లారీ మానుకుని వెంట వచ్చాడు. బల్ల మీద నా ఉద్యోగం కాగితం ఉంది. దాని పక్కన ఒక తెల్లకాగితం.

"మెషీన్ తెలియక పొరపాటు జరిగిందని ఒక్క ముక్క రాసివ్వమ్మా," అన్నారు వెంకటరామారావు గారు. కోపంగా కూడా అనలేదు. "వచ్చినవాళ్ళకు నేను సర్దిచెప్పుకుంటాను. నీ సంతకం ఇప్పుడే పెట్టేస్తాను."

"రాస్తదయ్యగారూ," అన్నాడు కోటేష్.

కలం నా ముందుకు జరిపారు. నేను దాన్ని చేతిలోకి తీసుకున్న మాట నిజం. ఇంట్లో పరిస్థితి నాకు తెలియనిది కాదు. పొరపాటున అని రాయడానికి అక్షరాలెన్ని, ఐదు. రాయబోతే రాత్రి వినపడ్డ నవ్వు చెవిలో మోగింది.

"పొరపాటు కాదయ్యగారూ, తెలిసే నొక్కిన," అన్నాను. "పది నిమిషాలకు నన్ను కాయితం రాయమంటున్నరు. మా వాడను గన్నేండ్లు ఎనక కూసోబెట్టి తిరగేసి సూపెట్టినందుకు ఎవరు రాసిర్రు?"

"అది పొరపాటు కాదమ్మా. అప్పటి పద్ధతి అది."

"ఇది నా పద్ధతి."

ఆయన కలం తీసుకుని మూత పెట్టేశారు. నేను తాళాలగుత్తి బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను. అరుపులు లేవు, కేకలు లేవు. కోటేష్ దారి పొడుగునా మాట్లాడలేదు. ఇంటికొచ్చాకా మాట్లాడలేదు. పెడితే తిన్నాడు, లారీకి పోయాడు, వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని అతని వీపే నాకు చెబుతున్నట్టుండేది.

సోమవారం నుంచి నేను కూడా అత్త వెంట తునికాకుకు పోయాను. అలవాటు తప్పిన పని. రెండోరోజుకే నడుము పట్టేసింది. చెట్టు కింద కూర్చుంటే అత్త నీళ్ళసీసా అందించింది.

"నా కోసం నౌకరి పోగొట్టుకుంటివి బిడ్డా."

"నీ కోసం కాదు అత్తా. నాకు కోపమొచ్చింది, గంతే."

అది నిజమే. ఆ కోపం దిగే లోపలే శుక్రవారం సాయంత్రం వెంకటరామారావు గారు మా ఇంటికి వచ్చారు. ఆయన మా వాడలో అడుగుపెట్టడం నేను కాపురానికి వచ్చాక చూడలేదు. కోటేష్ గబగబా మంచం వాల్చి దుప్పటి పరిచాడు. అత్త, మంగ్లి ఆకుకట్టల దగ్గర నుంచి లేవబోతే కూర్చోమన్నారు. మొహం కళకళలాడుతోంది.

"అంతా మన మంచికే జరిగింది," అన్నారు. "ఆ తిరగేయడం ఉదయ్ ఫ్రెండ్స్‌కి తెగ నచ్చిందట. ఫోన్లలో పెడితే వేలమంది చూశారు. పేపర్లో కూడా రాశారు. అందుకని రేపు మళ్ళీ అదే సినిమా వేస్తున్నాం. అన్నం తినే దగ్గరకు రాగానే రోజారాణి ఆ బటన్ నొక్కుతుంది. నాంచారీ, ఈసారి నిన్ను ముందు కుర్చీలో కూర్చోబెడతాం, సరేనా." జేబులోంచి ఒక కాగితం తీసి మంచం మీద పెట్టారు. సంతకం పెట్టే తెచ్చారు.

పోయిన ఆదివారం తప్పయినది ఈ శుక్రవారానికి కార్యక్రమం అయింది. మా కోపాన్ని కూడా తీసుకుపోయి వాళ్ళ ముచ్చటల్లో కలుపుకొన్నారు. పైగా అత్తను ముందు కుర్చీలో కూర్చోబెట్టి ఆ సీను తిరగేస్తే, ఆమెకు మళ్ళీ కనిపించేది ఎడంచెయ్యే. ఇంత పెద్దమనిషికి ఆ చిన్నసంగతి తట్టనే లేదు. నాకు ఒళ్ళు మండింది. కోటేష్ చూపు కాగితం మీదే ఉంది.

అత్త చేతిలో ఆకుకట్ట కింద పెట్టింది.

"నేను సూసిన అయ్యా. నాకింక కుర్సీ అక్కెర లేదు," అంది. "మా అమ్మ ఆదెమ్మ యాదికుందా మీకు?"

"ఆదెమ్మా? ఎందుకు లేదు. మా పశువుల కొట్టంలో పని చేసేది."

"అవ్, ఆమెనే. నన్ను బంతిలకెల్లి లేపినప్పుడు మా అమ్మ కొట్టంలకెల్లి ఉరికొచ్చింది. నా బిడ్డ అబద్ధమాడది, నేను గూడ సూసిన, ఆ బాబు ఎడంచేత్తోనే తిన్నడని మీ అందరి ముందర ఒట్టు పెట్టింది. మీరు ఇంక నవ్విర్రు. సచ్చేదాక గదే మాట మీద ఉన్నది మా అమ్మ. కుడిచెయ్యి అన్నోళ్ళందరితోటి కొట్లాడింది, నేను అబద్ధం చెప్పలేదని." అత్త గొంతు ఎక్కడా పెరగలేదు. "రేపు మా అమ్మను యాడ కూసోబెడ్తరు అయ్యా?"

ఈ సంగతి నేను రాసిచ్చిన కాగితాల్లో లేదు. నాతో ఎప్పుడూ చెప్పలేదు, కన్నకొడుకుతోనూ చెప్పలేదు. వెంకటరామారావు గారు లేచి, వసారా మెట్టు దగ్గర చెప్పులు వేసుకున్నారు.

కోటేష్ మంచం మీది కాగితం తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టాడు. వారం నుంచి నోరు విప్పని మనిషి, ఆయన వెనకే వాకిలి దాకా నడిచి దాన్ని ఆయన చేతిలో పెట్టాడు.

"మర్సిపోతున్నరు అయ్యగారూ," అన్నాడు.